స్కూల్ ఫుట్‌బాల్ జట్టు ఏ ఏడాది మొదలైందో ఎలా తేల్చాలి? హైదరాబాద్ పాత హైస్కూళ్ల సంగతి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్ పాతబస్తీకి దగ్గర్లో ఉన్న మీ హైస్కూల్‌కి నూరేళ్లు నిండుతున్నాయి. సావనీర్‌లో ఫుట్‌బాల్ జట్టు తొలి రోజుల మీద వ్యాసం రాసే పని మీ మీద పడింది. ఒక పెద్దాయన 1938 అంటున్నారు, ఇంకొకరు 1950 తర్వాతే అంటున్నారు. హెడ్మాస్టర్ గదిలోని షీల్డ్ మీద 1946 అని ఉంది. పైగా భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్‌గా పేరుపొందిన రహీం సాబ్ మీ బడి పిల్లలకు కోచింగ్ ఇచ్చారని అందరూ చెప్పుకుంటారు. ఇందులో ఏది నమ్మాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, పాత ఉర్దూ రిజిస్టర్లు ఎవరు చదివి పెడతారు అని.

సూటిగా చెప్తాను. షీల్డ్‌నీ జ్ఞాపకాలనీ కాసేపు పక్కన పెట్టి ముందు డబ్బు లెక్క చూడండి. గేమ్స్ ఫండ్‌లోంచి ఫుట్‌బాల్‌కి ఖర్చు ఏ ఏడాది మొదటిసారి రాశారు? ఆ ఆట చూసుకునే బాధ్యత ఒక మాస్టారికి ఏ ఏడాది అప్పగించారు? ఈ రెండూ కలిసిన ఏడాదే మీ జట్టు మొదలైన ఏడాది. పిల్లలు అంతకు ముందు కూడా బంతి తన్నే ఉంటారు, దానికి లెక్క ఉండదు. ఏటా ఎంపిక, ప్రాక్టీసు, బయట టోర్నమెంట్‌కి ఎంట్రీ ఉంటేనే దాన్ని జట్టు అనాలి. అది మాస్టారూ డబ్బూ లేకుండా జరగదు.

నేను జంటనగరాల్లో గవర్నమెంటు హైస్కూళ్లలో పీఈటీగా పనిచేసి రిటైరయ్యాను. తర్వాత కొన్ని పాత స్కూళ్లకు ఇలాంటి చరిత్రలు రాయడంలో సాయం చేశాను. అన్నిచోట్లా జరిగేది ఒకటే. అందరూ గొప్ప ఆటగాడి పేరు కోసం వెతుకుతారు, డ్రిల్ మాస్టారి పేరు కోసం ఎవరూ వెతకరు. నిజానికి జట్టుని నడిపింది ఆయనే.

స్టాక్ రిజిస్టర్ మీ బంగారు గని. పీఈటీ గదిలోనో పాత సామాన్ల గదిలోనో చెదలు పట్టిన పొడుగాటి పుస్తకాలు ఉంటాయి, అవి దొరికితే సగం పని అయిపోయినట్టే. అందులో "ఫుట్‌బాల్" అన్న మాట కోసం మాత్రమే చూడకండి, "బ్లాడర్" కోసం చూడండి. ఇప్పటి పిల్లలకు తెలియదు, అప్పటి బంతి రెండు ముక్కలు. పైన తోలు కవరు, లోపల రబ్బరు బ్లాడర్. బ్లాడర్‌కి ఉన్న గొట్టంలోకి పంపుతో గాలి కొట్టి, గొట్టాన్ని మడిచి దారంతో బిగించి, కవరు లోపలికి తోసి, పైన తోలు లేసు అల్లేవారు. ఆ లేసు ముడి నుదుటికి తగిలేలా హెడ్ చేసినవాడికి మర్నాడు దాకా గీత కనిపించేది. వానలో తడిస్తే బంతి రాయిలా బరువెక్కేది. తోలు కవరు రెండు మూడేళ్లు ఆగుతుంది, బ్లాడర్ మాత్రం ఊరికే పంక్చర్ అవుతుంది. సైకిల్ షాపులో ప్యాచ్ వేయించినా ఎంతోకాలం రాదు.

అందుకే చూడమంటున్నాను. ఒక ఏడాది బంతి కొన్నట్టు ఉండి, తర్వాత నాలుగేళ్లు బ్లాడర్ల ఊసు లేదంటే ఆ బంతి బీరువాలోనే ఉందన్నమాట. ప్రతి టర్మ్‌లోనూ బ్లాడర్లు, లేసులు, పంపు వాషర్లు కొంటున్నారంటే పిల్లలు నిజంగా రోజూ ఆడుతున్నారు. నేను చూసిన ఒక స్కూల్లో బంతి కొన్న ఏడాదినే జట్టు పుట్టినరోజుగా వేసుకున్నారు. బ్లాడర్ల లెక్క తీస్తే అసలు ఆట ఆ తర్వాత చాలా ఏళ్లకు, కొత్త డ్రిల్ మాస్టారు వచ్చాకే మొదలైందని తేలింది. స్కూల్ వాళ్లకు కాస్త బాధ కలిగింది కానీ ఒప్పుకున్నారు.

బిల్లులు, ఇన్‌వాయిస్‌లు దొరికితే ఊరి పేరు చూడండి. దేశ విభజనకు ముందు క్రీడా సామగ్రికి పెద్ద పేరు సియాల్‌కోట్‌ది. 1947 తర్వాత ఆ పనివాళ్లు చాలామంది జలంధర్ వచ్చి స్థిరపడ్డారు, ఆ పరిశ్రమ అక్కడ పెరిగింది. తేదీ చిరిగిపోయిన బిల్లు మీద సియాల్‌కోట్ కంపెనీ ముద్ర కనిపిస్తే అది దాదాపుగా విభజనకు ముందుదే. జలంధర్ అని ఉంటే ఆ తర్వాతిది అయ్యే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు తేదీల గొడవ. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. నిజాం రాష్ట్రంలో సర్కారీ లెక్కలు ఫసలీ సంవత్సరంలో, అంటే పంటల లెక్క ప్రకారం నడిచే క్యాలెండర్‌లో రాసేవారు. రిజిస్టర్‌లో 1352 అని కనిపిస్తే కంగారు పడకండి. దానికి 590 కలపండి, 1942 వస్తుంది. హైదరాబాద్ ఫసలీ ఏడాది ఆజుర్ నెలతో, అంటే మన అక్టోబర్ మొదట్లో మొదలయ్యేది. కాబట్టి 1352 ఫసలీ అంటే 1942 అక్టోబర్ నుంచి 1943 అక్టోబర్ దాకా. నెల పేరు ఇస్ఫందారో ఆ తర్వాతిదో అయితే 1943లోకి వచ్చేసినట్టు. ఇదే అంకె హిజ్రీ, అంటే ముస్లిం క్యాలెండర్‌ది అయితే లెక్క మారిపోతుంది. హిజ్రీ 1352 అంటే 1933-34. తొమ్మిదేళ్ల తేడా! మీ పెద్దాయన చెప్పే 1938 ఇలాంటి పొరపాటు లెక్కలోంచి వచ్చి ఉండొచ్చు. ఆయన్ని తప్పుపట్టకండి, ఆ అంకె ఎక్కడ చూశారో మాత్రం అడగండి. మొహర్రం, రంజాన్ లాంటి నెలలు ఉంటే హిజ్రీ. ఆజుర్, దై, బహమన్, తీర్, ఆబాన్ ఉంటే ఫసలీ.

సికింద్రాబాద్ స్కూల్ అయితే ఈ తలనొప్పి తక్కువ. 1945 దాకా అక్కడ బ్రిటిష్ వాళ్ల పెత్తనమే కాబట్టి మిషన్ స్కూళ్ల రికార్డులు ఎక్కువగా ఇంగ్లీషులో, ఇంగ్లీషు తేదీలతోనే ఉంటాయి. కోస్తా జిల్లాల స్కూళ్లు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి, వాటి కథ పూర్తిగా వేరు. అక్కడి పాత పీఈటీలు చాలామంది హ్యారీ బక్ 1920లో మద్రాసులో పెట్టిన వైఎంసీఏ కాలేజీలో శిక్షణ పొందినవాళ్లు. అలాంటి స్కూళ్లలో మాస్టారి సర్వీసు పుస్తకంలో ట్రైనింగ్ వివరం చూస్తే ఆటలు పద్ధతిగా ఎప్పుడు మొదలయ్యాయో అంచనా దొరుకుతుంది.

ఇక రహీం సాబ్ విషయం. ఇది కాస్త వివరంగా చెప్పాలి.

సయ్యద్ అబ్దుల్ రహీం (1909-1963) అంటే ఇప్పుడు అందరికీ భారత జట్టు కోచ్‌గానే తెలుసు. 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన హయాంలోనివే. జకార్తాలో క్యాన్సర్‌తోనే జట్టుని నడిపించి, మరుసటి ఏడాదే పోయారు. కానీ మీ వ్యాసానికి కావలసిన సంగతి వేరే. ఆయన మొదట బడిపంతులు. ఉస్మానియాలో చదివి, కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్‌లలో పనిచేశారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఆటల బాధ్యత తీసుకున్నారు. మీ స్కూల్ ఈ నాలుగింటిలో లేకపోతే, ఉద్యోగ ఉత్తర్వో జీతాల రిజిస్టరో దొరికేదాకా "రహీం సాబ్ మా బడి కోచ్" అని అచ్చు వేయకండి.

అలాగని మీ వాళ్లు చెప్పేది గాలి మాట అని కూడా అనలేం. హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ 1939లో ఏర్పడింది. దాని వెనక ఎస్.ఎం. హాదీ ఉన్నారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో టెన్నిస్ ఆడిన మనిషి, ఆయన రాణించని ఆట లేదని చెప్పుకునేవారు. 1940ల మొదట్లో రహీం సాబ్ ఆ అసోసియేషన్‌కి సెక్రటరీ అయ్యారు, చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నారు. ఆ హోదాలో ఆయన కుర్రాళ్ల కోసం పెట్టిన టోర్నమెంట్లు మామూలువి కావు. డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి వచ్చిందంటే పాస్ ఇవ్వాల్సిందే, అలా ఒక టోర్నమెంట్. బలహీనమైన కాలితోనే ఆడాలని ఇంకొకటి. ఎత్తు ఐదడుగులు దాటని పిల్లలకు మరొకటి. వయసు సర్టిఫికెట్లలో ఎంత మోసం జరుగుతుందో పీఈటీలందరికీ తెలుసు, ఎత్తు కొలిస్తే ఆ గొడవ ఉండదు. అయినా మనవాళ్లు ఊరుకుంటారా! అలా ఆడిన ఒక పెద్దాయన నాతో అన్నారు, కొలత కర్ర దగ్గర మోకాళ్లు కొద్దిగా వంచి, లాగు కిందికి లాగి నిలబడేవాళ్లమని. మాస్టారు వెనక నుంచి మోకాలి మీద బెత్తంతో తట్టేవారట.

కాబట్టి మీ పెద్దలు "రహీం సాబ్ మమ్మల్ని ఆడించారు" అన్నప్పుడు వాళ్ల మనసులో ఉన్నది ఈ టోర్నమెంట్లే కావచ్చు, సెలక్షన్ ట్రయల్స్ కావచ్చు, మైదానం గట్టున నిలబడి ఆయన చెప్పిన రెండు మాటలు కావచ్చు. అడిగేటప్పుడు "కోచింగ్ ఇచ్చారా?" అని అడగకండి. ఎవరైనా అవుననే అంటారు. "ఎడమకాలితోనే ఆడే పోటీ ఏదైనా గుర్తుందా? ఎక్కడ జరిగింది? మీతో వచ్చిన మాస్టారు ఎవరు?" అని అడగండి. మూడో ప్రశ్నకు వచ్చే జవాబే మీకు అసలు కావలసింది.

ఈ టోర్నమెంట్ల వల్ల ఇంకో మేలు కూడా జరిగిందని నా అభిప్రాయం. బూట్లు కొనలేని, పదకొండుమంది పెద్ద పిల్లలు దొరకని చిన్న బడులకు కూడా ఎంట్రీ ఇచ్చే దారి దొరికింది. హైదరాబాద్‌లో 1940, 50ల్లో అన్నేసి స్కూల్ జట్లు ఎలా పుట్టాయంటే నా మటుకు కారణం ఇదే. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ కుర్రాడు. హైదరాబాద్‌కి వచ్చి ప్రాక్టీసు చేయడానికి తన దగ్గర డబ్బుల్లేవంటే రహీం సాబ్ సైకిల్ అద్దెకు డబ్బులిచ్చారని ఆయనే పెద్దయ్యాక చెప్పుకున్నారు. ఆ బలరామే 1956 ఒలింపిక్ జట్టులో ఆడారు. ఆయన తర్వాతి తరంలో నయీముద్దీన్, హబీబ్, షబ్బీర్ అలీ, అందరూ ఈ ఊరి గల్లీల్లోంచి వచ్చినవాళ్లే.

జ్ఞాపకాలకు మేకు కొట్టే, అంటే ఏడాదిని ఖాయం చేసే సంఘటనలు జాగ్రత్తగా ఎంచుకోండి. "పోలీస్ టీమ్ రోవర్స్ కప్ గెలిచిన ఏడాది మా జట్టు మొదలైంది" అని ఎవరైనా చెబితే సంబరపడిపోకండి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు రోవర్స్ గెలిచింది! ఏ ఏడాదని పట్టుకుంటారు? ఇంకో పెద్ద టోర్నమెంట్ డ్యురాండ్ కప్ కాస్త నయం, 1950లోనూ 1954లోనూ గెలిచింది, మధ్యలో మూడేళ్ల ఎడం ఉంది. మళ్లీ 1957లో. 1961లో గెలిచేనాటికి జట్టు పేరు ఆంధ్రా పోలీస్. చెప్పేవాళ్లు ఏ పేరు వాడుతున్నారో గమనించండి, దశాబ్దం తెలిసిపోతుంది. రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ కూడా అంతే. 1956-57లోనూ 1957-58లోనూ గెలిచింది హైదరాబాద్ పేరుతోనే. ఆంధ్రప్రదేశ్ పేరుతో గెలిచింది 1965-66లో.

అన్నిటికంటే గట్టి మేకు పోలీస్ యాక్షన్. 1948 సెప్టెంబర్‌ని ఎవరూ మరిచిపోరు. "దానికి ముందా, తర్వాతా?" అని అడిగితే తడుముకోకుండా చెప్తారు. ఆ ఏడాదీ తర్వాతి ఏడాదీ చాలా స్కూళ్ల రికార్డుల్లో ఖాళీ కనిపిస్తుంది. కొందరు మాస్టర్లు పాకిస్తాన్ వెళ్లిపోయారు, బోధనా భాష మారింది, కాగితాలు చెల్లాచెదురయ్యాయి. మీ దగ్గర ఒకరు 1938, ఇంకొకరు 1950 అంటున్నారంటే ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు. ముందు ఒక జట్టు ఉండి, ఆగిపోయి, కొత్త మాస్టారితో మళ్లీ మొదలై ఉంటుంది. నేను చూసిన స్కూళ్లలో ఇది మామూలే. అలా అయితే దాచకుండా రెండు ఆరంభాలూ రాయండి, మధ్యలో ఖాళీని ఖాళీగానే చూపించండి. దాన్ని పూడ్చడానికి "నిరాటంకంగా" లాంటి మాటలు వాడొద్దు.

షీల్డ్ మీద 1946 సంగతి. రోలింగ్ షీల్డ్ (ఏటా గెలిచిన జట్టు చేతికి మారేది) అయితే పైన చెక్కిన సంవత్సరం సాధారణంగా దాత దాన్ని ఇచ్చిన ఏడాది. మీ స్కూల్ గెలిచిన ఏడాది కింద ఉండే చిన్న చిన్న వెండి పలకల మీద ఉంటుంది. మేకులు ఊడి పలకలు పోయి ఉంటే చెక్క మీద వాటి మచ్చలు ఉంటాయి, టార్చి వేసి పక్కనుంచి చూడండి. ఇంకో మాట, రోలింగ్ షీల్డ్ మీ దగ్గరే మిగిలిపోయిందంటే మీరు వరసగా మూడుసార్లు గెలిచి సొంతం చేసుకుని ఉండాలి, లేదా ఆ టోర్నమెంట్ అక్కడితో ఆగిపోయి ఉండాలి. రెండోదే ఎక్కువ జరుగుతుంది, నొచ్చుకోకండి.

గ్రూప్ ఫోటోలో పిల్లలు ఒట్టి కాళ్లతో ఉన్నారని దాన్ని 1940లకు నెట్టేయకండి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాక పెద్ద జట్లకు బూట్లు తప్పనిసరి చేశారు కానీ బడి పిల్లలు ఆ తర్వాత చాలాకాలం ఒట్టి కాళ్లతోనే ఆడారు. ఫోటోలో పిల్లల్ని చూడటం మానేసి కుర్చీల్లో కూర్చున్న టీచర్లను చూడండి. హెడ్మాస్టర్ ఎవరో తెలిస్తే ఆయన పనిచేసిన కాలం సర్వీసు రిజిస్టర్‌లో దొరుకుతుంది, ఫోటో తేదీ ఆ రెండు మూడేళ్ల లోపలికి వచ్చేస్తుంది. చివర్న చేతులు కట్టుకుని నిలబడ్డ, ఎవరూ పేరు చెప్పలేని మనిషి ఒకాయన ఉంటారు చూడండి, ఆయనే మీ డ్రిల్ మాస్టారు అయ్యే అవకాశం ఎక్కువ. చాలామంది పాత ఫౌజీలు, తక్కువ జీతం, స్టాఫ్ మీటింగుల్లో మాట లేనివాళ్లు. అందుకే ఏ సావనీర్‌లోనూ కనిపించరు.

పత్రికల్లో వెతకడం ఆఖర్న పెట్టుకోండి, టైమ్ చాలా తింటుంది. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో పాత సంపుటాలు ఉంటాయి. విద్యాశాఖ దస్త్రాలు, వార్షిక నివేదికలు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో చూడాలి. దక్కన్ క్రానికల్ 1938లో మొదలైంది, సియాసత్ 1949లో. కాబట్టి 1938కి ముందు సంగతుల కోసం వాటిని తిరగేయడం దండగ, అప్పటికి రహబరె దక్కన్ లాంటి ఉర్దూ పత్రికలు, తెలుగులో 1926 నుంచి వచ్చిన గోలకొండ పత్రిక చూడాలి. వాటిలోనూ స్కూల్ మ్యాచ్ వార్త అంటే ఒకటి రెండు పంక్తులే, స్కోరు ఉంటే అదృష్టం. టోర్నమెంట్ ఏ నెలలో జరిగిందో స్టాక్ రిజిస్టర్‌ని బట్టి అంచనా వేసుకుని వెళ్లండి. టోర్నమెంట్‌కి ముందు వారం బ్లాడర్లు కొనని మాస్టారు ఉండడు. 1954లో స్కూల్ గేమ్స్ ఫెడరేషన్, 1960లో స్కూల్ జట్ల సుబ్రతో కప్ వచ్చాక జిల్లా, రాష్ట్ర స్థాయి సర్టిఫికెట్లు దొరుకుతాయి కానీ అది మీకు తొలి చరిత్ర కాదు. ఒక పేరాలో ముగించండి.

ఉర్దూ రిజిస్టర్లు ఎవరు చదువుతారని రాశారు. మామూలుగా ఉర్దూ వచ్చినవాళ్లు అచ్చు అక్షరం చదువుతారు, ఆ దస్త్రాల్లోని షికస్తా అనే గొలుసుకట్టు రాత మాత్రం వాళ్లకి కూడా కొరకరాని కొయ్యే. పాత భూమి పత్రాలు చదివే డాక్యుమెంట్ రైటర్లు రిజిస్ట్రేషన్ ఆఫీసుల చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నారు, పేజీకి ఇంత అని తీసుకుని చదివి పెడతారు. పుస్తకాలు వాళ్లకు ఇచ్చి రాకండి, పగటి వెలుతురులో ఫోటోలు తీసి ఆ ఫోటోలే చూపించండి. ముందు అన్ని పేజీలూ చదివించి డబ్బు వృథా చేసుకోవద్దు. అంకెలు, నెల పేర్లు, "ఫుట్‌బాల్", "బ్లాడర్", "ఇంచార్జ్" అన్న మాటలు ఉన్న పేజీలు ఏవో వాళ్లనే గబగబా తిప్పి గుర్తుపెట్టమనండి, తర్వాత వాటిని మాత్రమే పూర్తిగా చదివించుకోండి.